వీడియోలో మావాడి పెదాలకీ మాటకీ పొంతన కుదరడం లేదు

నేనూ మా పదకొండేళ్ల అబ్బాయీ కలిసి సైన్సు ప్రయోగాల వీడియోలు చేస్తున్నాం. బొమ్మ నా ఫోన్‌లో సెకనుకి 30 ఫ్రేములతో తీస్తాం. మాట మాత్రం వాడి చొక్కాకి తగిలించిన మైకుతో రెండో ఫోన్‌లో, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డవుతుంది. మొదట్లో చప్పట్లు కొట్టి రెండూ కలుపుతాం, అక్కడ అచ్చంగా సరిపోతుంది. పన్నెండో నిమిషానికల్లా మాట అర సెకను వెనకబడుతోంది. వాడు గ్లాసు బల్ల మీద పెట్టి చెయ్యి తీసేశాక 'టక్' మంటుంది. వాడికది నవ్వులాట, నాకు టెన్షన్.

హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌లో వీడియోని స్థిర ఫ్రేమ్ రేటుకి మార్చి చూశాను, తేడా లేదు. ఎడిటింగ్ ప్రాజెక్టు కూడా 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉంది. రెండు మూడు నిమిషాలకోసారి ఆడియో కోసి జరిపితే కుదురుతోంది గానీ ఆదివారమంతా దానికే పోతోంది.

గొంతు మారకుండా ఆడియో మొత్తాన్నీ ఒకేసారి బొమ్మ నిడివికి సరిపోయేలా కుదించడం ఎలా?