అప్‌డేట్: అతిమధురం, అమ్మ బీపీ

అమ్మ దగ్గుకని రోజూ అతిమధురం వేరు నములుతోంది, బీపీ పెరిగి పొటాషియం తగ్గింది, సంబంధం ఉందా అని అడిగాను కదా. ఉంది. నల్గొండలో చూపిస్తే డాక్టర్ గారు వెంటనే మాన్పించారు.

కిడ్నీలో 11బీటా-హెచ్‌ఎస్‌డీ2 అనే ఎంజైమ్ కార్టిసాల్ అనే హార్మోన్‌లో 11వ కార్బన్ దగ్గరి హైడ్రాక్సిల్‌ను ఆక్సీకరణంతో కీటోన్‌గా మారుస్తుంది. ఎలక్ట్రాన్లను ఎన్ఏడీ అనే సహాయక అణువు అందుకుంటుంది. అలా తయారైన కార్టిసోన్, ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టెరాన్ హార్మోన్ రిసెప్టర్‌ను కదిలించదు. అతిమధురం నుంచి పేగుల్లో తయారయ్యే గ్లైసిరెటినిక్ ఆమ్లం ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. ఇక కార్టిసాలే ఆ రిసెప్టర్‌ను పట్టుకుంటుంది: ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. లివర్‌లో మాత్రం 11బీటా-హెచ్‌ఎస్‌డీ1 అనే మరో ఎంజైమ్, ఎలక్ట్రాన్లు ఇచ్చే ఎన్ఏడీపీహెచ్ సాయంతో కార్టిసోన్‌ను క్షయకరణం చేసి మళ్లీ కార్టిసాల్‌గా మారుస్తుందట. ఇది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది.

అమ్మ బీపీ దిగింది, టెన్షన్ తగ్గింది. పొటాషియం పరీక్ష మళ్లీ చేయించాలి. మీ ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే దగ్గు మందు సీసా మీద యష్టిమధు అని ఉందేమో చూడండి, అదీ ఇదే.