నడిచిపోయేవాళ్లకే దెబ్బ ఎందుకు తగులుతోంది? మీ దిక్కు ఎట్లుంది?

హైవేపక్కూరు:
మాది సూర్యాపేట దిక్కు, 65వ నంబరు హైవేని ఆనుకొనే ఊరు. ఇండ్లు ఇటు, పొలాలు అటు, హైదరాబాద్ నుంచి వచ్చే బస్సు ఆగేదీ అటే. అండర్‌పాస్ చానా దూరం. డివైడర్‌ల చెట్లు తొక్కి చేసుకున్న సందులకెల్లి అందరూ దాటుతరు. ఏమన్నా అయితే "చూసుకోకుండా దాటిండు" అంటరు. తప్పంతా దాటెటోనిదేనా?

అమీర్‌పేట_నడక:
సిటీలో ఇంకో రకం. సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టిన చోట బండ్లు ఆగే క్షణమే లేదు. బండ్లవాళ్లకి హాయి, మరి మేం దాటేదెప్పుడు? మెట్రో పిల్లర్ చాటున నిలబడితే మేం వాళ్లకి కనపడం, బండి మాకు కనపడదు. ఫుట్‌పాత్ మీద నడకకి కనీసం 1.8 మీటర్లు వదలాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) చెప్తుంది. మా వీధిలో సగం బైకులు, సగం బజ్జీల బండి.

నిన్నటిపేపర్:
ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు కట్టారుగా. మనవాళ్లు ఎక్కరు, బద్ధకం.

అమీర్‌పేట_నడక:
మా అత్తయ్యకి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, చేతిలో కూరగాయల సంచి. లిఫ్టుకి తాళం. బద్ధకమంటారా అండీ?

లారీస్టీరింగ్:
లారీ తోలేవాడి మాట కూడా వినండి. ఎదుటి బండి హైబీమ్ కొడితే రెండు మూడు సెకన్లు కళ్లకి ఏమీ ఆనదు. 60 మీద సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం, ఇక లెక్కేసుకోండి. బ్రేకు మీద కాలు పడేది ఆ తర్వాత. లోడు బండి టక్కున ఆగదు. డివైడర్‌లో గన్నేరు ఏపుగా పెరిగితే అందులోంచి మనిషి ఊడిపడ్డట్టే ఉంటుంది. అయ్యప్ప మాలల రోజుల్లో మరీ భయం: నల్లబట్టలు, తెల్లారకముందే నడక, పైన మంచు. సంచులకి రేడియం స్టిక్కర్ అతికించుకున్న స్వాములు మాత్రం దూరం నుంచే మెరుస్తారు.

గోదారిగట్టు:
ధాన్యం సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? కోతలప్పుడు మా వైపు సగం రోడ్డు మీద ఆరబోత, చుట్టూ రాళ్లు, రాత్రికి నల్ల బరకం. దాన్ని తప్పించబోయి బండి ఈ పక్కకి కోస్తుంది. ఈ పక్కనే కదా నడిచేది. రైతుని తిట్టలేను, కల్లం ఉంటే రోడ్డెందుకు ఎక్కుతాడు?

రూల్స్‌బుక్:
ఫుట్‌పాత్ లేనిచోట కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడవడం మేలు. అయితే అసలు ముప్పు వేగంతోనే. కారు గుద్దే వేగం గంటకి 50 కిలోమీటర్ల నుంచి 65కి పెరిగితే నడిచేవాడు చనిపోయే ప్రమాదం 4.5 రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచేవాళ్లు. ఇంతమందీ బద్ధకస్తులేనా, పేపర్ గారూ?

నిన్నటిపేపర్:
తాళం వేసిన లిఫ్టు సంగతి ఒప్పుకుంటా. ఫోన్ చూస్తూ దాటేవాళ్ల మీద మాత్రం నా మాట మారదు.

హైవేపక్కూరు:
మరి మేం అడగాల్సింది ఏంది? ఫుట్ ఓవర్ బ్రిడ్జా, స్పీడ్ తగ్గించుడా?

రూల్స్‌బుక్:
ముందు లెక్క తీయండి. హైవేపై 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులో, తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా అది బ్లాక్‌స్పాట్ కిందికి వస్తుంది. ఎఫ్‌ఐఆర్ నంబర్లు, తేదీలు, కిలోమీటరు రాయి నంబరు జతచేసి కలెక్టర్‌కీ, హైవే అథారిటీకీ ఇవ్వండి. ఉత్త అర్జీ పక్కన పడేస్తారు.

హైవేపక్కూరు:
మా సర్పంచ్‌కి చూపిస్త. దెబ్బలు తాకినా కేసే పెట్టనివి చానా ఉన్నయ్, వాటినెట్ల లెక్కల కలపాలె?