రొయ్యల లోడు తోలే పికప్: సైడ్ స్టెప్పులకు మళ్లీ ఏ కోటింగ్ వేయాలి?

ప్రశ్న (భీమవరం దగ్గర నుంచి):
చెరువుల నుంచి రొయ్యల లోడు తోలే పికప్ అండి మాది. సైడ్ స్టెప్పులు ఇనపవి, విడిగా బిగించుకున్నవి. కాలు పెట్టే చోట నల్ల కోటింగ్ అరిగిపోయి ఇనుము కనబడుతోంది, అంచుల్లో పొక్కులు లేస్తున్నాయి. కిందటేడు ఒక షెడ్డులో రంగు కొట్టిస్తే వానాకాలం దాటకుండానే పెచ్చులూడిపోయింది. పైగా తడి కాళ్లతో జారుతోంది. మా కుర్రాడు దాని మీంచి ట్రేలు దించుతుంటే టెన్షన్‌గా ఉంటోంది. ఇంట్లోనే చేసుకోవాలంటే ఏం వాడాలి?

జవాబు (అమలాపురం నుంచి):
ఏ రంగు అనేది తర్వాత చూద్దామండి. ముందు ఆ ఇనుముకు పట్టిన ఉప్పు వదలాలి. రొయ్యల చెరువు నీళ్లు, ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు రోజూ ఆ స్టెప్పుల మీదే పడతాయి. తుప్పు గుంటల్లో చేరిన ఉప్పు ఎమరీ పేపర్‌తో రుద్దినంత మాత్రాన పోదు. రంగు కింద మిగిలితే అదే తేమను లాక్కుని పొక్కు లేపుతుంది. షెడ్డువాళ్లు రుద్దే ఉంటారు, మంచినీళ్లతో కడిగి ఉండరనుకుంటున్నాను.

ఆ కడగడం బోరు నీళ్లతో వద్దు. మన వైపు చాలా ఊళ్లలో బోరు ఉప్పే. ఇరవై లీటర్ల ప్లాంటు నీళ్ల టిన్ను ఒకటి తెచ్చుకోండి, చాలు.

స్టెప్పులు బండి మీద ఉండగా పని చేయకండి, కింది వైపు అందదు. నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచి, తెల్లారి విప్పండి. తిరగేసి సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. చప్పగా మోగిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగబడిందా, అక్కడ వెల్డింగే తప్ప ఏ కోటింగూ ఆదుకోదు. మనిషి బరువు మోసేది కదా. పైపు అడుగున నీళ్లు పోయే కన్నాలు బురదతో పూడిపోయి ఉంటాయి, అవి తెరవండి.

సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, గ్రైండర్‌కు వైర్ కప్ బ్రష్ పెట్టి తుప్పు తీయండి. పాత కోటింగ్ గట్టిగా ఉన్న చోట అంచులు 80 నంబర్ పేపర్‌తో వాలుగా అరగదీయండి. మళ్లీ ప్లాంటు నీళ్లతో రుద్ది కడిగి, వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టండి. ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) అదే రోజు పడాలి.

ప్రైమర్ రెండు డబ్బాల ఎపాక్సీ, అంటే ఒక డబ్బాలో రంగు, ఇంకో డబ్బాలో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్, రెండూ కలిపి వేసేది. దాని మీద ట్రక్కు తొట్టెలకు వేసే గరుకు పాలీయురేథేన్ కోటింగ్, అదీ హార్డ్‌నర్ కలిపేదే, రెండు చేతులు (రెండు పొరలు). డబ్బా మీద రాసిన పాళ్లు కొలిచి కలపండి. ఈ పాలీయురేథేన్ హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. స్ప్రే చేస్తే గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఆరుబయట, గ్లవుజులు వేసుకుని, రోలరుతో వేసుకోవడం మేలు.

గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపేయండి. చలికాలం పొద్దున్నే ఇనుము మీద మంచు కూర్చుంటుంది, చేత్తో తడిమినా తెలియదు. ఎండెక్కాక మొదలుపెట్టి మూడింటికల్లా ముగించండి.

జవాబు (రాజమండ్రి నుంచి):
పౌడర్ కోటింగ్ (పొడి చల్లి ఓవెన్‌లో కాల్చేది) చేయించేస్తే ఈ శ్రమంతా ఉండదు కదండీ?

జవాబు (అమలాపురం నుంచి):
కొత్త స్టెప్పుకు చాలా బాగుంటుందండి. కానీ ట్రే అంచు తగిలి ఒక్కచోట చిట్లితే తుప్పు దాని కిందే పాకుతుంది, ఇంట్లో అతుకు వేసుకోలేం. రోలరుతో వేసింది అక్కడికక్కడ రుద్ది మళ్లీ పూయొచ్చు.

ప్రశ్న (భీమవరం దగ్గర నుంచి):
ఇంట్లో రెడ్ ఆక్సైడ్ డబ్బా ఉంది. ప్రైమర్‌గా అది సరిపోదా? జారకుండా ఇసుక చల్లొచ్చా?

జవాబు (అమలాపురం నుంచి):
మామూలు రెడ్ ఆక్సైడ్ మీద ఈ కోటింగ్ వేస్తే దాని థిన్నర్‌కు కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. రెడ్ ఆక్సైడే వాడాలంటే పైన ఎనామిల్ వేసుకుని, ఏటా ఒకసారి పూసుకోవడమే.

ఇసుక చల్లొచ్చు. గోదావరి సన్న ఇసుక కడిగి, ఎండబెట్టి, జల్లించి, మొదటి చేయి తడిగా ఉండగా కాలు పెట్టే మేర చల్లండి. ఆరాక ఊడే రేణువులు దులిపేసి రెండో చేయి వేయండి. అంతర్వేది వైపు నుంచి తెచ్చిన బీచ్ ఇసుక మాత్రం వద్దు, మళ్లీ ఉప్పే.

ముట్టుకుంటే ఆరినట్టున్నా వారం దాకా బిగించకండి. ఆ వారం స్టెప్పులు లేకుండానే బండి తిరగొచ్చు, మీ కుర్రాడికి ట్రేలు కింద నిలబడి అందుకోమని చెప్పండి. బిగించేటప్పుడు బోల్టులకు గ్రీజు రాసి, బ్రాకెట్ దగ్గర రబ్బరు వాషర్లు వేయండి. కొత్త కోటింగ్ ముందుగా చిట్లేది అక్కడే.