పైన్ నారుకు వేరు శిలీంద్రం మనం ఎక్కించాలా, దానంతట అదే పట్టదా?

పచ్చసూది:
గని తవ్వకపు దిబ్బల మీద నాటే పైన్ మొక్కలకు నర్సరీలోనే మైకోరైజా, అంటే వేరుతో జతకట్టి బతికే శిలీంద్రం, ఎక్కించి పంపాలని కొందరంటున్నారు. నా మటుకు అది దండగ ఖర్చు. థెలెఫోరా టెరెస్ట్రిస్ అనే వేరు శిలీంద్రపు సిద్ధబీజాలు గాలిలోనే వచ్చి ఏ ట్రేలోనైనా పడతాయి. శిలీంద్రం పట్టే పొట్టి పిల్లవేళ్లన్నీ దానితో నిండాక కొనుక్కొచ్చిన శిలీంద్రానికి చోటెక్కడ?

మూలకేశం:
చోటు ఎవరు పట్టారన్నదే కదండీ అసలు సంగతి. థెలెఫోరా నీళ్లూ ఎరువూ పుష్కలంగా దొరికే నర్సరీలో బాగా పెరిగే రకం. ఆమ్లం ఎక్కువై, ఎండకు కాగే దిబ్బ మీద అది వెనకబడుతుంది. అమెరికాలో శాస్త్రవేత్త డొనాల్డ్ మార్క్స్ బొగ్గు గని దిబ్బలకు పైసోలిథస్ అనే మరో శిలీంద్రాన్ని ఎంచుకున్నది అందుకే. వేడినీ ఆమ్లాన్నీ తట్టుకుంటుంది గనుక.

అసలు శిలీంద్రమే లేని నేలలూ ఉన్నాయి. ప్యూర్టోరికోలో 1955లో పైన్ అడవి మట్టి తెచ్చి కలిపేదాకా పైన్ నాట్లు నిలదొక్కుకోలేదు. అక్కడ గాలిని నమ్ముకుని ఏం లాభం?

తేమగీత:
ఇద్దరూ శిలీంద్రం చేసే పనిని వదిలేసి పేర్ల దగ్గర ఆగారు. పైన్ పొట్టి వేరు మందం దాదాపు అర మిల్లీమీటరు. శిలీంద్ర తంతువు మందం 2 నుంచి 5 మైక్రోమీటర్లు. మట్టి రేణువుల మధ్య వేరు దూరలేని సందుల్లోకి తంతువు దూరి, అక్కడ పట్టి ఉన్న నీటినీ భాస్వరాన్నీ లాక్కొస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం వదిలి, ఖనిజాల్లో బిగుసుకున్న భాస్వరాన్ని విడిపిస్తుంది. అదే ఆమ్లం అల్యూమినియంను కట్టిపడేస్తుంది. వేరు చుట్టూ తొడుగులా పేరుకున్న శిలీంద్రపు పొర లోహాలను కొంతమేర తనలోనే ఆపుకుంటుంది.

ఇదంతా ఊరికే రాదు. మొలక తయారుచేసుకున్న చక్కెరలో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు దాకా శిలీంద్రానికి పోతుంది. నీడలో, ఎరువు దండిగా ఉన్న ట్రేలో అది మొక్కకు భారమే.

పచ్చసూది:
నేననేదీ అదే. భాస్వరం దట్టించే నర్సరీలో పైన్ వేరే స్వయంగా శిలీంద్రాన్ని దగ్గరికి రానివ్వదు. తుప్పు తెగులుకు ట్రయాడిమెఫాన్ అనే శిలీంద్రనాశక మందు కొడితే ఉన్నదీ తగ్గిపోతుంది. ఈ రెండూ సరిచెయ్యకుండా శిలీంద్రపు పొడి కొనడం దేనికి?

మూలకేశం:
ఒప్పుకుంటాను, ముందు ఎరువు తగ్గించాల్సిందే. ఆ తర్వాతైనా జాతి పేరు చూసి కొంటే చాలదు. బెల్జియంలో జింక్ కర్మాగారాల చుట్టుపక్కల నేలల్లోని సుయిల్లస్ లూటియస్ అనే శిలీంద్రాన్ని చూడండి. జాతి ఒక్కటే. మంచి నేల నుంచి తీసిన రకం జింక్‌కు కుదేలవుతుంది. కలుషిత నేలలో తరతరాలుగా బతికిన రకం తాను తట్టుకోవడమే కాదు, స్కాట్స్ పైన్ మొలకలోకి జింక్ ఎక్కువగా చేరకుండా చూస్తుంది.

పొడి కొనకుండా ఎక్కించే దారీ ఉంది. రైజోపోగాన్ అనే వేరు శిలీంద్రపు పుట్టకాయలను (బీజాలుండే గుండ్రటి కాయలను) కడిగి, చల్లటి నీళ్లతో మిక్సీలో తిప్పి, గుడ్డలో వడకట్టండి. మైక్రోస్కోపు కింద లెక్కగడి పలకతో (గళ్లు గీసిన గాజు పలకతో) సిద్ధబీజాలు లెక్కపెట్టి, మొక్కకు లక్ష నుంచి పది లక్షలు అందేలా పలచన చెయ్యండి. మొలకెత్తిన 6 నుంచి 12 వారాల మధ్య, పొట్టి వేళ్లు కనిపించాక పొయ్యాలి. అంతకుముందు పోస్తే పట్టుకోవడానికి పొట్టి వేళ్లే ఉండవు. బీజాలు అడుగుకు దిగిపోతాయి కాబట్టి పోస్తున్నంతసేపూ డబ్బా కదుపుతూ ఉండాలి. పైసోలిథస్ బీజాలు మాత్రం నీటి మీదే తేలతాయి, తడిపే మందు ఒక చుక్క వెయ్యక తప్పదు.

తేమగీత:
పట్టిందో లేదో మూడు నెలలకు చూడండి. వేరును నీటి పళ్లెంలో మెల్లగా విదిలించి, పది రెట్ల భూతద్దం పెట్టండి. వేరు నూగు మాయమై, కొసలు పంగల కర్రలా రెండుగా చీలి ఉంటే పట్టినట్టే. నల్లగా, బిరుసు వెంట్రుకలతో ఉంటే అది సెనోకాకమ్ అనే శిలీంద్రం. ఆవపొడి పసుపు రంగుంటే పైసోలిథస్. గోధుమ రంగు మాత్రం దేనిదైనా కావచ్చు, డీఎన్‌ఏ చూడందే తేలదు.

తేడా చూడ్డానికి శిలీంద్రం ఎక్కించని పోలిక వరుస పెట్టేటప్పుడు ఉత్త మట్టి పెట్టకండి. శిలీంద్రం పెరిగిన పీట్, వర్మిక్యులైట్ మిశ్రమంలోనూ పోషకాలుంటాయి. అదే మిశ్రమాన్ని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరి పాత్రలో) పెట్టి శిలీంద్రాన్ని చంపి, ఆ పోలిక వరుసకు వేస్తేనే తేడా శిలీంద్రానిదని చెప్పగలం. ఇంకో మాట, జునిపెర్, సైప్రస్‌లకు ఈ శిలీంద్రాలు పట్టవు, వాటితో జతకట్టేవి మరో రకం శిలీంద్రాలు.

పచ్చసూది:
జింక్ దిబ్బ వరకు మీ మాట తీసుకుంటాను, అదీ ఆ నేలలోంచే తీసిన రకమైతేనే. మొన్నటిదాకా పైన్లే పెరిగి, ఈమధ్యే నరికిన అడవి నేలకు మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను. పాత వేళ్ల మీద శిలీంద్రం ఇంకా బతికే ఉంటుంది, కొత్త వేరు తగిలితే చాలు.

మూలకేశం:
వెంటనే నాటితే సరే. ఏళ్లు గడిపి నాటితే ఆ వేళ్లూ పోతాయి, వాటి మీది శిలీంద్రమూ పోతుంది. ఇంకొకటి, మడిలోంచి పీకిన నారైతే తంతువుల్లో ఎక్కువ భాగం మట్టిలోనే తెగిపోతుంది. గొట్టపు ట్రేలో పెంచి మట్టిగడ్డతో సహా దించితేనే ఎక్కించినది దిబ్బ దాకా చేరేది.