కాచియా, కాల్చియా? ‘ఇనుము విరిగెనేని’ రెండో పాదం

మూడోగొట్టం:
వారం రోజులుగా వేమన పద్యం ఒకటి బుర్రలో తిరుగుతోంది. ‘ఇనుము విరిగెనేని యినుమాఱు ముమ్మాఱు’ దాకా తడబాటు లేదు. రెండో పాదమే ఒకసారి ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’ అనీ, మరోసారి ‘కాల్చి యతుకవచ్చు’ అనీ నోటికి వస్తోంది. ఏది సరైన పాఠం?

నా టిగ్ వెల్డింగ్ మెషిన్‌కి (కరెంటు మెరుపుతో, అంటే ఆర్క్‌తో, లోహాన్ని కరిగించి అతికేది) ఈ మధ్యే నీళ్లతో చల్లబడే టార్చ్, అంటే ఆ ఆర్క్ వచ్చే చేతిపిడి, బిగించాను. పంపు, నీళ్ల ట్యాంకు పెట్టిన డబ్బా మూత మీద ఈ పాదం చెక్కాలని కోరిక. రేకు మీద ఒకసారి చెక్కాక దిద్దడం కుదరదు, అందుకే ముందు అడుగుతున్నాను. పనిలో పనిగా ఇంకొకటి: టార్చ్ దగ్గర వేడెక్కి వెనక్కి వచ్చే నీళ్ల గొట్టాన్ని తెలుగులో ఒక్క మాటలో ఏమందాం?

పద్యపిపాస:
ఆటవెలది ఇక్కడ తీర్పు చెప్పదండీ. ‘కాచి’ హగణమే (గురువు, లఘువు), ‘కాల్చి’ హగణమే. యతి కా–క్ర, రెండింటికీ చెల్లుతుంది. నేను చిన్నప్పటి నుంచి చదువుకున్నది మాత్రం ‘కాచి’. కాల్చితే మిగిలేది బూడిద. అతకడానికి కాచాలి.

కొలిమి:
‘కర్రు కాల్చి వాత పెట్టడం’ అంటాం కదా, అక్కడ కర్రు బూడిదయిందా? ఇనుముకి కాల్చడం అన్న మాట ఎప్పటి నుంచో ఉంది. అయినా ఈ పద్యంలో మాత్రం నా ఓటు ‘కాచి’కే. అందుకు కారణం నిఘంటువులో లేదు, కొలిమిలో ఉంది. రెండు ముక్కలు తెల్లగా మెరిసేదాకా కాచి, పైన వెలిగారం చల్లుతారు. చిలుము కరిగి జారిపోతుంది. అప్పుడు దెబ్బ వేస్తే అతుకుతాయి. ఆ వేడి ఇంకాస్త దాటిందా, ఇనుము రవ్వలు చిమ్ముతూ నిజంగానే కాలిపోతుంది. కాలిన ఇనుము పొడిపొడిగా రాలుతుందే తప్ప అతకదు. ఒక్క కాపుతో అన్నిసార్లూ అతుకు కుదరదు, అందుకే ‘ఇనుమాఱు ముమ్మాఱు’. అందుకే ‘క్రమముగాను’. ఆ మాట పాదం నింపడానికి వేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అరసున్న:
అందరూ అసలు అక్షరాన్ని దాటేశారు. అది ‘కాచి’ కాదు, ‘కాఁచి’. కాఁగు, కాఁచు, కాఁక – వేడికి సంబంధించిన ఈ మాటలన్నిటికీ అరసున్న ఉంది. అరసున్న లేని ‘కాచు’ వేరే మాట, రక్షించడం అని అర్థం. కావలి, కాపలా పుట్టింది దాన్నుంచి. అచ్చులో అరసున్నలు ఎగిరిపోయాక రెండూ ఒకే రూపంలో మిగిలాయి. మూత మీద అరసున్న లేకుండా చెక్కితే ‘కాపాడి అతుకవచ్చు’ అని చెక్కినట్టే.

మూడోగొట్టం:
అలా అయినా నాకు సమ్మతమే! టిగ్‌లో జరిగేది అదే కదా. టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్క్ లోహాన్ని కరిగిస్తుంటే, చుట్టూ ఆర్గాన్ గాలి తగలకుండా కాస్తుంటుంది. ఆ కాపలా ఒక్క క్షణం తప్పితే అతుకు నల్లబడి బొరియలు పడుతుంది. కాఁచడం, కాచడం రెండూ ఒకేసారి. వేమన్న చూసిన కొలిమిలో వెలిగారం చేసిన పని ఇక్కడ ఆర్గాన్ చేస్తోంది.

పద్యపిపాస:
కాచు అనగానే పోతన గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? ‘రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!’ కావవే, సంరక్షింపు – ఒకే మొరని ముందు తెలుగులో, వెంటనే సంస్కృతంలో పెట్టుకున్నాడు. శార్దూలానికి యతి పదమూడో అక్షరం. లెక్కపెట్టి చూడండి, రావేలోని ‘రా’కి బదులు పలికేది సంరక్షలోని ‘ర’. పిలుపూ రక్షణా ఆ ఒక్క యతితో ముడిపడ్డాయి. ఆ పద్యం ఎన్నిసార్లు చదివినా ఆ ‘ర’ దగ్గర గొంతు ఆగుతుంది నాకు.

అరసున్న:
పోతన నా వైపే ఉన్నాడు. రక్షించే కాచు ‘కావ’ అవుతుంది, అందుకే ‘కావవే’. వేడిచేసే కాఁచు ఎప్పుడూ ‘కావ’ కాదు. ‘నీళ్లు కావు’ అని ఎవరూ అనరు, ‘నీళ్లు కాచు’ అనే అంటారు. రెండూ వేరు ధాతువులని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

కొలిమి:
మరి ‘చలి కాచుకోవడం’? అక్కడ మంట దగ్గర ఒళ్లు వేడిచేసుకుంటున్నామా, చలి నుంచి కాపాడుకుంటున్నామా? వాడుకలో ఈ రెండూ ఎప్పుడో కలిసిపోయాయని నా నమ్మకం.

సన్నరేకు:
ఆలస్యంగా వచ్చాను. ‘ఇనుమాఱు’ని ఇనుము + ఆఱు అని ఎవరూ విడదీయలేదేం? ఆఱు అంటే చల్లారడం. చల్లారులో ఉన్నది ఆ ఆఱే. నీటి టార్చ్ పెట్టె మీదకి ఇంతకన్నా తగిన మాట దొరకదు.

అరసున్న:
కుదరదండీ. పక్కనే ‘ముమ్మాఱు’ ఉంది. ఇరు + మాఱు ఇనుమాఱు, మూడు + మాఱు ముమ్మాఱు. ఇనుమడించులో ఉన్న ‘ఇను’ ఇదే. ‘ఇనుము విరిగెనేని’ అన్న వెంటనే ‘ఇనుమాఱు’ వినిపించడంలో అందం ఉంది, కానీ అది శబ్దంలో ఉన్న అందం.

మూడోగొట్టం:
చల్లార్చు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. స్విచ్ పక్కన ‘చల్లార్చే నీరు’ అని రాశాను మొదట. చల్లార్చడంలో ఆర్పడం కూడా వినిపిస్తోందని ‘చల్లబరిచే నీరు’ చేశాను. ఆర్క్ ఆరకూడదు, టార్చ్ మాత్రం చల్లబడాలి.

ఇదివరకు ఉన్నది 17 నంబరు, గాలికి చల్లబడే టార్చ్, 150 ఆంపియర్ల వరకు. మందపాటి అల్యూమినియం మీద కాసేపు పనిచేస్తే పిడి చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఇప్పుడున్న 20 నంబరుది దానికంటే చిన్నది, అయినా 250 ఆంపియర్లు తట్టుకుంటుంది. దానికి గొట్టాలు మూడు: ఆర్గాన్‌కి ఒకటి, చల్లటి నీళ్లు వెళ్లడానికి ఒకటి, నీళ్లు వెనక్కి రావడానికి ఒకటి. ఆ వెనక్కి వచ్చేదాని లోపలే కరెంటు తీగ ఉంటుంది. నీళ్లలో మునిగి ఉండబట్టే అంత సన్నటి రాగి తీగ అంత కరెంటు మోస్తుంది. నా మెషిన్‌లో గ్యాసూ కరెంటూ ఒకే సాకెట్ గుండా వచ్చేవి. గ్యాస్‌ని విడదీసి, కరెంటూ నీళ్లూ విడిపోయేలా మధ్యలో ఇత్తడి అడాప్టర్ బిగించాల్సి వచ్చింది. నేనడిగిన పేరు ఈ మూడో గొట్టానికే.

ఒకరోజు పంపు వేయడం మరిచి ఆర్క్ కొట్టాను. నిమిషం తిరక్కముందే పిడి దగ్గర రబ్బరు కాలిన వాసన. ఆ రోజే నీళ్లు పారకపోతే ఆర్క్ అంటుకోనివ్వని ఫ్లో స్విచ్ కలిపాను.

కొలిమి:
కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్ మాత్రం పోయకండి. దాని గుండా కరెంటు పారుతుంది, ఆర్క్ అంటించే హై ఫ్రీక్వెన్సీ అటు జారిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, లేదా టిగ్ కోసమే చేసిన కూలెంట్ మంచిది. గొట్టం పేరు ‘మళ్లుగొట్టం’ ఎలా ఉంది?

పద్యపిపాస:
‘మలుగొట్టం’ అనండి. మలుసంజెలో ఉన్న ‘మలు’.

అరసున్న:
మలుసంజెలో ‘మలు’కి వెనుకటిది అని అర్థం, తిరిగి రావడం కాదు. అది వేరే చర్చ, విడిగా పెట్టండి, వస్తాను.

మూడోగొట్టం:
మూత మీద ‘కాఁచి’ చెక్కేశాను, అరసున్నతో సహా. సన్న డ్రిల్ బిట్‌తో ఆ అర్ధచంద్రం తిప్పడానికే పావుగంట పట్టింది. ఇప్పుడు చోటు చాలట్లేదు. ‘యతుక’కి బదులు ‘అతుక’ అని చెక్కనా?

అరసున్న:
ఆగండి, చెక్కొద్దు! క్త్వార్థకమైన ఇత్తునకు, అంటే ‘కాఁచి’ లాంటి ‘చేసి’ అర్థపు మాటల చివరి ‘ఇ’కి, సంధి లేదు. ‘కాఁచి’ తరువాత ‘అతుక’ వస్తే యడాగమం వచ్చి తీరాలి. ‘గాను’ వదిలేసినా సరే, ఆ ‘య’ని వదలకండి.

కొలిమి:
‘గాను’ వదిలేస్తే చివరి గణం పోదా?