రెండు గంటలకు ఒక మిల్లీలీటరు పాలు: మా పాపకు చాలుతాయా?

తూకంరాయి, సికింద్రాబాద్

పాట్‌మార్కెట్‌లో కంసాలి పని చేసుకునేవాడిని. ఇరవై రెండేళ్లుగా మిల్లీగ్రాముల తూకం ముందే కూర్చున్నాను, అందుకే అంకెలతోనే మొదలుపెడుతున్నాను. మా పాప 29 వారాలకే పుట్టింది, బరువు 1,140 గ్రాములు. ఈరోజు అయిదో రోజు, బరువు 1,060 గ్రాములు. నగ చేయించుకునేవారికి తరుగు ఇంత పోతుందని మేం ముందే చెప్పి చీటీ మీద రాస్తాం. ఈ 80 గ్రాముల తరుగు గురించి మాకు ఎవరూ ముందు చెప్పలేదు.

మా ఆవిడకు ఆపరేషన్ అయింది సికింద్రాబాద్‌లో. పాప ఉన్న ఐసీయూ బంజారాహిల్స్‌లో. తమ్ముడు స్కూటర్ నడుపుతుంటే నేను వెనక థర్మాకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని రోజుకు మూడుసార్లు వెళ్తున్నాను. పెట్టెలో ఐసు, ఐసు మధ్య సూది లేని సిరంజి. మొదటిసారి అందులో ఉన్నవి అర మిల్లీలీటరు ముర్రుపాలు, చిక్కగా తేనెరంగులో ఉన్నాయి. ట్యాంక్‌బండ్ దగ్గర గుంతలో పడితే తమ్ముడిని అరిచేశాను. వాడు ఇప్పటికీ మాట్లాడటం లేదు.

పాపకు నోట్లోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి రెండు గంటలకోసారి ఒక మిల్లీలీటరు పాలు ఇస్తున్నారు. రోజంతా కలిపితే 12. మా దుకాణంలో దేవుడి దీపానికి ఇంతకంటే ఎక్కువ నూనె పోస్తాం. నిన్న రాత్రి గొట్టంలోంచి వెనక్కి లాగి చూస్తే లేత ఆకుపచ్చగా ఏదో వచ్చిందని ఒక పూట అదీ ఆపేశారు. ఎక్స్‌రే తీసి, ఉదయం మళ్లీ మొదలుపెట్టారు. డాక్టరు గారు చెప్పింది అర నిమిషం, నాకు అర్థమైంది అంతకంటే తక్కువ. అత్తయ్య గారేమో పిల్ల ఎండిపోతోంది, డబ్బా పాలు పట్టించండి అని పోరు. ఇంకోవైపు, మా ఆవిడకు పాలు పడేవరకు దాత పాలు ఇస్తామంటూ ఆసుపత్రివాళ్లు సంతకం అడుగుతున్నారు. ముక్కూమొహం తెలియని తల్లి పాలు పాపకు క్షేమమేనా? ఈ దారిలో నడిచినవారు చెప్పండి.

కొత్తపేట పెద్దాయన

ధైర్యంగా ఉండు బాబూ. మా రెండోవాడు కూడా నెలతక్కువ బిడ్డే. మా అమ్మ రోజూ ఒక చుక్క ఆముదం, కాస్త తేనె నాలుకకు రాసేది. పేగు శుభ్రపడి ఆకలి పుట్టింది. ఇప్పుడు వాడు ఆరడుగులు.

రిటైర్డ్ సిస్టర్, చిక్కడపల్లి

పెద్దాయన గారూ, మీ అబ్బాయి చల్లగా ఉండాలి, కానీ ఆ మాట ఇక్కడ రాయకండి. ఏడాది నిండని ఏ బిడ్డకూ తేనె పెట్టకూడదు. కిలో బరువున్న బిడ్డకు ఆముదం అన్న మాట వింటేనే నాకు చేతులు చల్లబడ్డాయి.

నాయనా తూకంరాయీ, నేను నవజాత శిశువుల వార్డులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ముందు నీ తరుగు సంగతి. నెలతక్కువ పిల్లల ఒంట్లో నీరే ఎక్కువ, చర్మం పలచన. మొదటి రోజుల్లో పోయేది చాలావరకు ఆ నీరే. పుట్టినప్పటి బరువుకు తిరిగి రావడానికి సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత రోజుకు కిలోకు 15 నుంచి 20 గ్రాములు పెరిగితే మేం సంతోషిస్తాం.

ఇక పాలు. పాప చేతికో బొడ్డుకో ఎక్కుతున్న సీసాలు చూశావా? ఒకటి తెల్లగా, పాలలాగే ఉంటుంది. అది కొవ్వు. రెండోదాంట్లో చక్కెర, మాంసకృత్తులు. ఆకలి సంగతి అవి చూసుకుంటున్నాయి. గొట్టంలో పోసే ఆ ఒక్క మిల్లీలీటరు పేగుకు పని నేర్పడానికి. పాలు తగలకపోతే పేగు లోపలి పొర పలచబడిపోతుంది, జీర్ణరసాలు ఊరవు. పుట్టిన బరువుతో లెక్క వేసుకో, మీ పాపకు కిలోకు పదిన్నర మిల్లీలీటర్లు పడుతున్నాయి. ఇంత చిన్న పిల్లలకు కిలోకు పది, ఇరవైతోనే మొదలుపెడతాం. దీపం నూనె అన్నావు కదా, సరిగ్గా అదే. ఒత్తి తడిస్తే చాలు.

కడుపులో ఉన్న బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఈ పని సాధన చేస్తుంది. 25 వారాల నుంచి 40 వారాల లోపు పేగు పొడవు దాదాపు రెట్టింపవుతుంది. మీ పాప ఆ పాఠం సగంలో బయటికి వచ్చేసింది. తిన్నదాన్ని పద్ధతిగా కిందికి తోసే అలలు 34 వారాల దగ్గర కానీ కుదురుకోవు. అందుకే పాలు నిలుస్తాయి, కింది నుంచి పసరు పైకి తన్నుతుంది. గొట్టంలో కాస్త పచ్చదనం కనిపించినంత మాత్రాన జబ్బని కాదు, అలాగని వదిలేసేదీ కాదు. మేం టేపు పెట్టి బొడ్డు దగ్గర పొట్ట చుట్టుకొలత తీస్తాం. పొట్ట ఉబ్బి చర్మం మెరుస్తోందా, విరేచనంలో రక్తం ఉందా, ఊపిరి మధ్యలో ఆగుతోందా, పసరు ముదురు రంగుకు తిరుగుతోందా అని చూస్తాం. మా భయమంతా పేగు గోడ దెబ్బతిని కుళ్లే జబ్బు గురించి. వార్డులో దాన్ని నెక్ అంటారు. ఒక పూట ఆపి, ఎక్స్‌రే చూసి, మళ్లీ ఇచ్చారంటే అది కాదని వాళ్లకు తోచినట్టే. రేపు ఉదయం డాక్టరు గారిని పొట్ట కొలత ఎంత, విరేచనం అయిందా అని అడుగు. ఈ రెండూ అడిగిన తండ్రికి అర నిమిషం కాదు, అయిదు నిమిషాలు ఇస్తారు.

అత్తయ్య గారికి మెల్లగా చెప్పు. 1990లో లాన్సెట్ పత్రికలో 926 మంది నెలతక్కువ పిల్లల మీద బ్రిటన్‌లో చేసిన పరిశీలన వచ్చింది. తల్లిపాలు మాత్రమే తాగినవాళ్లకంటే డబ్బా పాలు మాత్రమే తాగినవాళ్లకు ఈ నెక్ ఆరు నుంచి పది రెట్లు ఎక్కువగా వచ్చింది. అందుకే తల్లిపాలు లేకపోతే దాత పాలు, అవీ లేకపోతేనే డబ్బా. దాతలకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు. ఆ పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి క్రిములను చంపుతారు. మన నిలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి పేరుతో పాల బ్యాంకు నడుస్తోంది, ఇదేమీ వింత పద్ధతి కాదు. ఆ వేడికి కొవ్వును అరిగించే గుణం కొంత పోతుంది, అందుకే మీ ఆవిడ పాలే మొదటి వరస. సంతకం పెట్టు.

మీ ఆవిడను రోజుకు ఎనిమిదిసార్లు పాలు పిండమను, రాత్రి ఒకసారైనా తప్పకుండా. ముర్రుపాలకు మిషన్ కంటే చెయ్యే మేలు. పాప వీడియో చూస్తూ పిండితే త్వరగా దిగుతాయి, ఇది నా చేతి అనుభవం. సిరంజి మీద పేరుతో పాటు గంట కూడా రాయండి. ఇంకొకటి, రెండు చుక్కల ముర్రుపాలు పాప బుగ్గల లోపల రాయమని సిస్టర్‌ను అడుగు. ఒప్పుకుంటే నువ్వే రాయి. తమ్ముడికి టీ ఇప్పించు.

ఇద్దరు పిల్లల తల్లి, తార్నాక

మా బాబు 30 వారాలకు పుట్టాడు, ఇప్పుడు ఒకటో తరగతి. సిస్టర్ గారు చెప్పాక నేను పెద్దగా చెప్పేది లేదు, ముందు వచ్చేది మాత్రం చెబుతాను. పాలు కాస్త పెరిగాక తల్లిపాలలో ఒక పొడి కలుపుతామంటారు. నా పాలు మంచివి కావా అని ఆ రోజు నేను బాత్రూంలో ఏడ్చాను. ఏడవక్కర్లేదట. కడుపులో చివరి నెలల్లో బిడ్డకు చేరే క్యాల్షియం, ఫాస్ఫరస్, మాంసకృత్తులు ఇంత కొద్ది పాలలో పట్టవు, అందుకని కలుపుతారు. ఈ మాట మీ ఆవిడకు ముందే చెప్పండి.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం, మూడూ కలిసి వచ్చింది మా వాడికి గర్భం లెక్కన 34 వారాలు నిండాకే. మొదట ఉగ్గుగిన్నెతో పట్టాం. మా అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నె తీసుకెళ్తే, ఆసుపత్రి స్టీలు గిన్నె తప్ప లోపలికి రానివ్వలేదు. అయిదు మిల్లీలీటర్లకు ఇరవై నిమిషాలు. మధ్యలో ఊపిరి మరిచిపోయేవాడు, అరికాలు తట్టేదాన్ని. ఛాతీ మీద వేసుకునే కంగారూ పద్ధతి ఎప్పుడు మొదలవుతుందో కూడా అడగండి. నాకు పాలు పెరిగింది ఆ కుర్చీలోనే.

పిల్లల డాక్టరు, కూకట్‌పల్లి

పాపను చూడకుండా చికిత్స చెప్పను. ఒక్క మాట మాత్రం. త్వరగా పెంచమని మీ డాక్టరును ఒత్తిడి చేయకండి. రోజుకు కిలోకు 18 మిల్లీలీటర్ల చొప్పున పెంచాలా, 30 చొప్పునా అని బ్రిటన్, ఐర్లండ్‌లలో 2,800 మందికి పైగా పిల్లల మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ల వయసుకు వైకల్యం లేకుండా బతికినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు వేగాలూ మంచివే, మీ పాప పొట్ట ఏది ఒప్పుకుంటే అది.

తూకంరాయి, సికింద్రాబాద్

ఈరోజు పన్నెండో రోజు. ఆ మర్నాడే సంతకం పెట్టాను. పొట్ట కొలత అడిగితే డాక్టరు గారు తల ఎత్తి, ఎవరు చెప్పారు మీకు అన్నారు. చిక్కడపల్లి సిస్టర్ అన్నాను. ఆవిడ ఎవరో ఆయనకు అర్థం కాకపోయినా, కుర్చీ చూపించి అన్నీ చెప్పారు.

దాత పాలు మూడు రోజులే పట్టాయి. ఇప్పుడు మా ఆవిడ పాలే, రెండు గంటలకు 11 మిల్లీలీటర్లు. మధ్యలో ఒక రోజు పొట్ట కాస్త ఉబ్బితే పెంచకుండా ఆగారు. నల్లటి విరేచనం పోయి పసుపు వచ్చిందని సిస్టర్ చెబితే అత్తయ్య గారు ఐసీయూ గుమ్మం దగ్గరే దణ్ణం పెట్టారు. డబ్బా మాట మళ్లీ రాలేదు. బరువు 1,120, ఇంకా 20 గ్రాములు బాకీ. మొన్న మా ఆవిడ ఛాతీ మీద గంటసేపు పడుకోబెట్టారు. అంతకుముందు నేను దూది పుల్లతో ముర్రుపాలు బుగ్గ లోపల రాస్తే, పాప నాలుక బయటపెట్టి ఆ పుల్లను వెతికింది. బియ్యపుగింజంత నాలుక.

నిన్న సిస్టర్ పాప డైపర్‌ను తూకం వేస్తున్నారు, మూత్రం లెక్క కోసమట. ముందు పొడి డైపర్ పెట్టి సున్నా చేశారా అని అడిగాను. ఆవిడ నవ్వి, మీరే వేయండి అని తూకం నా వైపు జరిపారు. 14 గ్రాములు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. మాట్లాడాడు.