కువైట్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడికి: ముందు ఆ ట్యూబు పక్కన పెట్టు

రాజోలు, ఇప్పుడు మహబౌలా:

అన్నయ్యలకీ అక్కలకీ నమస్కారం అండి. వచ్చి ఐదు వారాలైంది, సైటు పని. ముఖం బాగా నల్లబడిపోయింది, మోచేతుల కింద చర్మం తెల్లగా పొడిబారి గీతలు పడుతోంది. తొడల సందున ఒకటే దురద, గుండ్రంగా ఎర్రటి మచ్చలు. వచ్చేటప్పుడు మా ఊళ్లో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాస్తున్నాను. రాసిన రెండ్రోజులు బాగానే ఉంటుంది, మానేస్తే ఇంకా పెద్దదవుతోంది. జుట్టు కూడా రాలుతోంది, ఇక్కడి నీళ్లు పడలేదని రూమ్‌లో వాళ్లు అంటున్నారు. ఏం చెయ్యాలో చెప్పండి.

పాలకొల్లు, ఇప్పుడు ఫర్వానియా:

తమ్ముడూ, నీ మెసేజ్ చదవగానే కూర్చుని రాస్తున్నాను, ఎందుకంటే పదకొండేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే సూట్‌కేసులో ఆరు ట్యూబులు పెట్టుకుని దిగాను. ముఖం, జుట్టు తర్వాత చూద్దాం. ముందు ఆ ట్యూబు సంగతి.

నీకు వచ్చింది తామర అయ్యుంటుంది. తామర అంటే ఫంగస్. ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ కూడా కలిపి ఉంటుంది. స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే దురదనీ ఎరుపునీ అణిచేస్తుంది, దాంతో తగ్గిపోయిందని మనం అనుకుంటాం. కానీ చర్మానికి ఉన్న కాపలా కూడా దానితోనే పడుకుంటుంది కాబట్టి లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. మానేసిన మూడో రోజుకి రెండింతలై కనిపించేది అందుకే. నేను ఐదు నెలలు రాశాను. చివరికి తొడల లోపలి వైపు వేలెడు వెడల్పున ఎర్రటి చారలు పడ్డాయి, బాలింతల పొట్ట మీద ఉంటాయే, అలాంటివి. ఇక్కడ క్లినిక్‌లో డాక్టరు చూసి, చర్మం పలచబడిపోయింది, ఈ చారలు ఇక పూర్తిగా పోవు అన్నారు. ఇప్పుడు తెల్లబడ్డాయి గానీ అలాగే ఉన్నాయి. నీకా గతి పట్టకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇది ఒక్క మన ఊరి షాపు తప్పని కూడా కాదు, దేశమంతా ఇదే తంతు. 2018లో మన ప్రభుత్వం ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది, అయినా అడిగితే ఇస్తూనే ఉన్నారు. పైగా మన దగ్గర ఇప్పుడు తిరుగుతున్న తామరలో ఒక మొండి రకం ఉంది, దానికి 2020లో ఇండోటీనీ అని పేరు కూడా పెట్టారు, మామూలుగా ఇచ్చే ఫంగస్ మందు టెర్బినఫిన్‌కి అది చాలాసార్లు లొంగదు. కాబట్టి రూమ్‌మేట్ చెప్పింది కాకుండా చర్మం డాక్టరుకే చూపించు. పూత మందు ఇస్తే మచ్చ మీదే కాకుండా దాని అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ కనపడకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు ఆపకూడదు. మనవాళ్లు అందరూ చేసే తప్పు అక్కడే, దురద పోగానే ట్యూబు మూత పెట్టేస్తారు.

మందు ఒకటే చాలదు. మీ రూమ్‌లో ఎంతమంది? మేం ఎనిమిది మంది ఉండేవాళ్లం. స్నానం చేసి వచ్చి తడి తువ్వాలు మంచం ఊచకి వేసి డ్యూటీకి పోయేవాళ్లం, ఏసీ గదిలో, కిటికీ మూసి. సాయంత్రానికి కూడా అది చల్లగా, తడిగా, ముక్కవాసన వేస్తూ ఉండేది, దాంతోనే మళ్లీ ఒళ్లు తుడుచుకునేవాళ్లం. ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి చెప్పు. మన చేలల్లో నాట్లేసేవాళ్లకీ, రొయ్యల చెరువుల్లో దిగేవాళ్లకీ కాలివేళ్ల సందులు నానిపోయి తెల్లబడి ఒరుసుకుపోవడం చిన్నప్పటినుంచి చూశావుగా. తడి అలాగే ఉండిపోతే వచ్చే బాధే ఇదీను, అక్కడ బురద నీళ్లు, ఇక్కడ చెమట, అంతే తేడా. రెండు తువ్వాళ్లు కొనుక్కో, తొడల సందుకి విడిగా ఒక చిన్నది ఉంచుకో, ఎవరిదీ వాడకు, నీది ఎవరికీ ఇవ్వకు. మేడ మీద ఎండలో ఆరెయ్యి, ఇక్కడి ఎండకి గంట చాలు. లోపలి బట్టలు కాటన్‌వి, వదులుగా ఉన్నవి, రోజుకి రెండుసార్లు మార్చు, వేడి నీళ్లలో ఉతుకు. ఇంకోటి, మా డాక్టరు చెప్పేదాకా నాకూ తెలియదు: కాలివేళ్ల సందుల్లో కూడా ఉంటే ముందు సాక్సులు తొడుక్కుని తర్వాత డ్రాయరు వేసుకోవాలి. లేకపోతే కాళ్ల ఫంగస్‌ని గుడ్డ తుడుచుకుంటూ పైకి తెస్తుంది. అక్కడ కొబ్బరినూనె రాయకు, పౌడరు దట్టంగా చల్లకు. స్నానం అయ్యాక పూర్తిగా తడి ఆరనిచ్చి బట్ట కట్టుకో.

ఇక పొడిబారడం. మనం పుట్టి పెరిగింది గోదావరి పాయల మధ్య, చుట్టూ కాలవలు, కొబ్బరితోటలు, పక్కనే సముద్రం. గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి మగవాడు ఒంటికి ఏదైనా రాసుకోవాలన్న ఆలోచనే మనకి ఉండదు, పండక్కి తలంటు పోసుకుంటే అదే గొప్ప. ఇక్కడ బయట పొడి గాలి, లోపల ఏసీ, మధ్యలో దుమ్ము. చర్మంలో ఉన్న నీళ్లు పైకి ఎగిరిపోతాయి. దానికి ఖరీదైనవేమీ అక్కర్లేదు. వేడివేడి నీళ్లతో అరగంట స్నానం మానేసి, గోరువెచ్చటి నీళ్లతో ఐదు పది నిమిషాల్లో ముగించు. సబ్బు చంకలకీ, గజ్జలకీ, కాళ్లకీ రాస్తే చాలు, చేతులకీ వీపుకీ రోజూ తోమనక్కర్లేదు. పీచు అసలొద్దు. తుడుచుకుని ఒళ్లు ఇంకా కాస్త తేమగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, వాజలీన్ లాంటి పెట్రోలియం జెల్లీ గానీ చేతులకీ కాళ్లకీ రాయి. తేమని లోపల పట్టి ఉంచడమే దాని పని, బాగా ఆరిపోయాక రాస్తే సగం లాభం పోతుంది. పదిరోజుల్లో ఆ గీతలు పోతాయి చూడు.

ముఖం నల్లబడిందని తెల్లబడే క్రీములు కొనకు. అలాంటి క్రీముల్లో కొన్నింటిలో పాదరసం ఉంటుంది, అది కిడ్నీలను పాడు చేస్తుంది. కొన్నింటిలో మళ్లీ అదే స్టెరాయిడ్. ఎండకి కమిలిన నలుపు ఎండ తగ్గితే నెలల్లో దానంతటదే తగ్గుతుంది. చెయ్యాల్సింది ఎండ తగలకుండా చూసుకోవడం: పొడుగు చేతుల చొక్కా, మెడ కప్పే గుడ్డ, ఎస్పీఎఫ్ 30 కి తగ్గని సన్‌స్క్రీన్. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, చెవులూ అరచేతుల వెనకాల మర్చిపోకు. చెమటకి పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. సైటు మీద అది కుదరదని నాకు తెలుసు, అందుకే గుడ్డే ముఖ్యం అంటాను.

గెడ్డం సంగతి త్వరగా చెప్పేస్తాను. స్నానం అయ్యాక, వెంట్రుక పెరిగే వైపుకే గీసుకో, ఐదారు షేవింగులకి బ్లేడు మార్చు. బార్బరు షాపులో నీ కళ్ల ముందు కొత్త బ్లేడు విప్పమను. మొహమాటపడకు, లివరుని పట్టే హెపటైటిస్ బి రేజరు గాటు నుంచి కూడా అంటుకుంటుంది.

జుట్టు. నీళ్లు పడక రాలిందన్న మాట నేనూ నమ్మాను, మినరల్ వాటరుతో తలస్నానాలు కూడా చేశాను. మగవాళ్ల బట్టతల అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చేది, చాలామందికి ఇరవైల్లోనే మొదలవుతుంది. మనం దేశం దాటేదీ ఆ వయసులోనే, అందుకే నింద నీళ్ల మీద పడుతుంది. గట్టి జ్వరం, టెన్షన్, తిండి తగ్గడం వల్ల కూడా రాలుతుంది, కానీ అది రెండు మూడు నెలల తర్వాత కనపడుతుంది. అప్పుల భయంతో నిద్రపోని నీ ఫిబ్రవరి, మార్చి ఇప్పుడు దువ్వెనలో కనపడుతున్నాయేమో. అలాంటిదైతే జుట్టు మళ్లీ వస్తుంది. కంగారు పడకు.

భీమవరం, ఇప్పుడు దోహా (నర్సుని):

అన్నయ్యగారు చర్మం గురించి అన్నీ చెప్పారు, నేను లోపలి సంగతి చెబుతాను. తమ్ముడూ, నీ మెడ వెనక అద్దంలో చూసుకో. చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా మడతలు పడి ఉందా? మనవాళ్లు అది మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు, పెళ్లికొడుకుల మెడలు ఎర్రగా అయ్యేదాకా రుద్దడం నేను చూశాను. అది మట్టి కాదు, చాలామందిలో ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదనడానికి గుర్తు. ఉంటే షుగర్ టెస్టు చేయించుకో. షుగర్ ఉంటే తామర కూడా త్వరగా తగ్గదు. మీ క్యాంపుల్లో తెల్లన్నం కొండంత, టీలో మూడు చెంచాల పంచదార, మధ్యాహ్నం కూల్‌డ్రింకు, పక్కన ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ, ఎండుచేపలు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మన భోజనంలో పచ్చడితోనే సగం అయిపోతుంది. మానెయ్యమనను, అమ్మ పంపింది ఎలా మానేస్తావు. కూర ఉన్న పూట పచ్చడి వద్దు, అంతే. కూల్‌డ్రింకు బదులు లబన్ తాగు, మన మజ్జిగే కదా.

ఎండ సంగతి నిర్లక్ష్యం చెయ్యకు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని మీ దగ్గర నిబంధన ఉంది, నీకది తెలియాలి. దాహం వేసేదాకా ఆగకు, పనిలో ఉన్నప్పుడు ప్రతి పావుగంట, ఇరవై నిమిషాలకీ ఒక గ్లాసు తాగు. ఒకేసారి రెండు లీటర్లు మాత్రం పొయ్యకు. మూత్రం లేత పసుపుగా ఉంటే సరిపోతున్నట్టు, టీ డికాక్షన్ రంగులో ఉంటే ఒళ్లు ఎండిపోతున్నట్టు. కిడ్నీలో రాళ్లతో మా దగ్గరికి వచ్చే మన కుర్రాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పక్కనున్నవాడు మాట తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. నీడకి చేర్చి, తడిపి, విసురుతూ వెంటనే 112కి ఫోన్ చెయ్యాలి. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

ఇంకోసారి ఇంటి నుంచి మందులు తెప్పించుకునేటప్పుడు చీటీ లేకుండా వద్దు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందుల్ని గల్ఫ్‌లో మత్తుమందుల కింద చూస్తారు.

రాజోలు, ఇప్పుడు మహబౌలా:

చాలా థాంక్స్ అండి అన్నయ్యా, అక్కా. ట్యూబు తీసి చదివాను. క్లోబెటాసోల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్ అని ఉంది. ఇందులో స్టెరాయిడ్ ఏది? మెడ కూడా చూపించుకున్నాను, అక్క చెప్పినట్టే కొంచెం ఉంది అంటున్నాడు మావాడు. మా నాన్నకి షుగర్ ఉంది.

పాలకొల్లు, ఇప్పుడు ఫర్వానియా:

మొదటిదే, క్లోబెటాసోల్. పూత స్టెరాయిడ్లలో అన్నింటికంటే ఘాటైన జాతి అది. ఐదు వారాలే కాబట్టి నువ్వు నాకంటే చాలా ముందే మేలుకున్నావు. ఆపాక కొన్నాళ్లు ఎరుపు, మంట ఎక్కువ కావచ్చు, ఆ భయంతో మళ్లీ దాన్నే రాయకు. ట్యూబు పారెయ్యకుండా డాక్టరుకి చూపించడానికి జేబులో పెట్టుకో, ఎన్ని రోజులు రాశావో దాచకుండా చెప్పు. షుగర్ టెస్టు కూడా అదే రోజు చేయించేద్దాం. గురువారం డ్యూటీ అయ్యాక బస్సెక్కి ఫర్వానియా వచ్చెయ్, క్లినిక్‌కి నేనూ వస్తాను, భాష ఇబ్బంది ఉండదు. రాత్రికి మా రూమ్‌లోనే భోజనం, ఆనపకాయ కూర చేస్తాను.